అడవి కుక్కల జాతులను గుర్తించి వర్గీకరించడం ఎలా

ఎర్రటి ఒళ్ళు కనిపించగానే రేచుకుక్క అని రాసేయడం, బూడిద రంగు కనిపిస్తే తోడేలు అనుకోవడం... గుర్తింపులో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. రంగు వయసుతో మారుతుంది, రుతువుతో మారుతుంది, వానలో తడిస్తే మారుతుంది, గజ్జి పడితే అసలు బొచ్చే ఉండదు. కాళ్ళ పొడవు, పాదం నిర్మాణం, పళ్ళ లెక్క అలా మారవు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ముందు చోటు చూస్తాం. తర్వాత ఒంటి కొలతల పొందిక, తోక, పాదం చూస్తాం. దొరికితే పుర్రె చూస్తాం. రంగును చివరికి ఉంచుతాం.

పేర్ల విషయంలో గందరగోళం రాకుండా ముందే చెప్పాలి. ఈ వ్యాసంలో నక్క అంటే జాకాల్, గుంటనక్క అంటే ఫాక్స్, రేచుకుక్క అంటే ధోల్.

1. అది అసలు శునక కుటుంబానిదేనా?

శునక కుటుంబం పేరు కానిడే. ఈనాడు బతికి ఉన్నవి సుమారు 35 జాతులు. కొన్నింటి హోదా మీద ఇంకా వాదం నడుస్తోంది కాబట్టి ఈ అంకె ఒకటి రెండు అటూ ఇటూ అవుతుంది.

ఈ కుటుంబపు జంతువు వేళ్ళ మీద నడుస్తుంది, మడమ నేలకు ఆనదు. గోళ్ళు లోపలికి ముడుచుకోవు కాబట్టి అడుగుజాడలో సాధారణంగా కనిపిస్తాయి. వెనక పాదానికి నాలుగు వేళ్ళు. ముందు పాదానికి నాలుగు వేళ్ళతో పాటు నేలకు తగలని చిన్న ఐదో వేలు ఉంటుంది. ఈ నియమం తప్పేది ఆఫ్రికా అడవి కుక్క ఒక్కటే. దాని ముందు పాదానికీ నాలుగే వేళ్ళు.

ఎక్కువగా మోసం చేసేది హైనా, అంటే దుమ్ములగొండి. చూడ్డానికి కుక్కలా ఉన్నా వంశం ప్రకారం అది పిల్లులు, ముంగిసల వైపుది. వీపు భుజాల నుంచి తుంటి వైపు వాలుగా దిగుతుందేమో చూడండి. దిగితే అది దుమ్ములగొండి కావచ్చు. దాని ముందు పాదం వెనక పాదం కంటే బాగా పెద్దది, పాదం అడుగున ఉండే మెత్త (ప్యాడ్) ఒక పక్కకు వాలి ఉంటుంది. శునకాల పాదముద్రను నిలువుగా మధ్యకు మడిస్తే రెండు సగాలూ దాదాపు కలుస్తాయి. దుమ్ములగొండి ముద్రలో అలా కలవవు. ఈ పొరపాటు శాస్త్రజ్ఞులకూ జరిగింది. ఆఫ్రికా అడవి కుక్కకు 1820లో డచ్ జంతు శాస్త్రజ్ఞుడు తెమ్మింక్ మొదటిసారి పేరు పెట్టినప్పుడు దాన్ని హైనాల్లోనే చేర్చాడు.

రకూన్‌కూ రకూన్ కుక్కకూ ముఖం మీద నల్ల ముసుగు ఉంటుంది. రకూన్ తోకకు పట్టీలుంటాయి, దాని అడుగుజాడలో పొడవైన ఐదు వేళ్ళు పడతాయి. రకూన్ కుక్క తోకకు పట్టీలుండవు, నాలుగు వేళ్ళే పడతాయి. రకూన్ కుక్క మాత్రమే శునక కుటుంబానికి చెందుతుంది.

2. ఇంటి కుక్క కాదని తేల్చుకోండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. ఊరికి దూరంగా కనిపించినంత మాత్రాన అది అడవి జంతువు కాదు. పెంపుడు కుక్కలు అడవిపాలై తరాలుగా బతుకుతున్న చోట్లు ప్రపంచమంతటా ఉన్నాయి.

తోక పైకి చుట్టుకుని ఉందా, చెవులు వాలాయా, ఒంటి మీద క్రమం లేని తెల్ల మచ్చలున్నాయా చూడండి. ఇవన్నీ ఇంటి కుక్క వైపు చూపిస్తాయి. తోడేలు తోక నిటారుగా కిందికి వేలాడుతుంది, ఛాతీ ఇరుకు, ముందు కాళ్ళ మోకాళ్ళు దగ్గరగా ఉంటాయి, పాదాలు కొంచెం బయటికి తిరిగి ఉంటాయి. వెనక కాలి లోపలి వైపు అదనపు వేలు వేలాడుతుంటే ఆ జంతువు వంశంలో ఇంటి కుక్క రక్తం కలిసిందని అనుమానించాలి.

నడకలో తేడా మరింత స్పష్టం. తోడేలు దూరం వెళ్ళేటప్పుడు వెనక పాదాన్ని ముందు పాదపు ముద్ర మీదే వేస్తూ దాదాపు ఒకే గీతలో సాగుతుంది. ఇంటి కుక్క అటూ ఇటూ తిరుగుతూ, వాసన చూస్తూ, ఆగుతూ పోతుంది. దాని ముందు, వెనక పాదాల ముద్రలు పక్కపక్కన పడతాయి. కనీసం ముప్పై నలభై అడుగుజాడల వరుస చూడనిదే ఈ తేడా మీద తీర్పు చెప్పకండి. నాలుగైదు ముద్రల్లో కుక్క కూడా తోడేలులాగే నడవగలదు.

నల్ల రంగును మాత్రం ఏ వైపూ సాక్ష్యంగా తీసుకోకండి. ఉత్తర అమెరికా తోడేళ్ళలో నల్ల బొచ్చుకు కారణమైన జన్యువు పూర్వం ఎప్పుడో ఇంటి కుక్కల నుంచే వచ్చింది. ఇవాళ అది పూర్తి అడవి తోడేళ్ళలో మామూలుగా కనిపిస్తుంది.

3. చోటును బట్టి జాబితాను కుదించండి

జంతువును ఎక్కడ చూశారో రాసుకుని, ఆ ఖండంలో, ఆ రకం నేలలో బతికే జాతుల జాబితా ముందు పెట్టుకోండి. ముప్పై అయిదు పేర్లు చాలాచోట్ల నాలుగైదుకు తగ్గిపోతాయి. రేచుకుక్క ఆసియాలో తప్ప అడవిలో ఎక్కడా లేదు. మేన్డ్ వుల్ఫ్, బుష్ డాగ్ అమెరికా ఖండాలకే పరిమితం. ఇథియోపియా తోడేలు ఆ దేశపు ఎత్తైన పీఠభూముల్లో, ఎక్కువగా 3000 మీటర్ల పైన ఉంటుంది.

కొన్ని జంటల్లో చోటే ప్రధాన ఆధారం. బంగారు నక్క, ఆఫ్రికా బంగారు తోడేలు చూపుకు ఒకేలా ఉంటాయి. చాలాకాలం రెండింటినీ ఒకే జాతిగా లెక్కించారు. ఆఫ్రికాలోది వేరే జాతి అని, అది తోడేళ్ళకు దగ్గరిదని 2015లో జన్యు పరిశోధన తేల్చింది. ఐరోపా, ఆసియాల్లోదాని శాస్త్రీయ నామం కానిస్ ఆరియస్. ఆఫ్రికాలోది కానిస్ లూపాస్టర్. ఫొటో చూసి ఈ రెంటినీ విడదీయగలనని ఎవరైనా అంటే నమ్మకండి.

4. ఎత్తును కొలవండి, ఊహించకండి

ఒంటరిగా కనిపించిన జంతువు పరిమాణాన్ని కన్ను ఎక్కువ చేసి చూపిస్తుంది. చలికాలపు బొచ్చు దాన్ని ఇంకా పెంచుతుంది. కెమెరా ట్రాప్ (జంతువు కదలికకు దానంతటదే ఫొటో తీసే కెమెరా) ఫొటో ఉంటే కొలత తీయడం కష్టం కాదు. కెమెరాను కదల్చకుండా ఉంచి, జంతువు నిలబడిన చోటే పది సెంటీమీటర్లకొక గీత గీసిన కర్రను నిలబెట్టి మరో ఫొటో తీయండి. రెండు ఫొటోలనూ ఒకదానిపై ఒకటి పెడితే భుజం ఎత్తు తెలుస్తుంది. కర్ర అరమీటరు ముందుకో వెనక్కో పడితే కొలత తప్పుతుంది. కాబట్టి జంతువు పాదాల దగ్గరున్న రాయినో గడ్డి దుబ్బునో గుర్తుపెట్టుకుని సరిగ్గా అక్కడే నిలబెట్టండి. కెమెరాను మొదటే నేల నుంచి 40–50 సెంటీమీటర్ల ఎత్తులో, దారికి అడ్డంగా కాక కొంచెం ఏటవాలుగా బిగిస్తే పక్క నుంచి ఒళ్ళంతా పడుతుంది.

పెరిగిన జంతువుల భుజం ఎత్తు సుమారుగా ఇలా ఉంటుంది. ఫెనెక్ గుంటనక్క 20 సెంటీమీటర్ల దగ్గర, బరువు కిలో నుంచి కిలోన్నర. బుష్ డాగ్ 25–30. ఎర్ర గుంటనక్క 35–45. బంగారు నక్క 40–50. రేచుకుక్క 45–55, బరువు 12–20 కిలోలు. కొయోట్ (తోడేలును పోలిన అమెరికా జంతువు) 55–60. ఆఫ్రికా అడవి కుక్క 60–75. తోడేలు 60–85. మేన్డ్ వుల్ఫ్ 80–90, కానీ బరువు 20–30 కిలోలే, ఒంటి కంటే కాళ్ళే ఎక్కువ అనిపిస్తుంది. తోడేలు విషయంలో జాగ్రత్త అవసరం. ఎడారి ప్రాంతాల్లో 20 కిలోల తోడేలు ఉంటుంది, ఉత్తర ధ్రువం వైపు అడవుల్లో 50 కిలోలు దాటినదీ ఉంటుంది.

5. తోక, చెవులు, మూతి

ఫొటోలో ఒక్క భాగమే స్పష్టంగా ఉండాలంటే అది తోక కావాలి. తోక కొన ఏ రంగో చూడండి.

ఎర్ర గుంటనక్కకు కొన తెలుపు. ఒళ్ళు ఎర్రగా ఉన్నా, వెండి నలుపులో ఉన్నా ఆ తెల్ల కొన సాధారణంగా ఉంటుంది. చిన్న పిల్లలకూ కనిపిస్తుంది. బెంగాల్ గుంటనక్కకు కొన నలుపు. అమెరికాలోని గ్రే ఫాక్స్‌కు తోక పైభాగం పొడవునా నల్ల చార, కొనా నలుపే. ఆఫ్రికా నక్కల్లో పక్కచారల నక్కకు కొన తెలుపు, నల్లవీపు నక్కకు నలుపు. ఆఫ్రికా అడవి కుక్క తోక కొన తెలుపు. రేచుకుక్క తోక మొదట్లో ఒంటి రంగే ఉండి తర్వాత గుబురుగా, ముదురుగా, నల్లగా దిగుతుంది. ఊరకుక్కకు ఒళ్ళెంత ఎర్రగా ఉన్నా అలాంటి తోక అరుదు.

రేచుకుక్కను నక్కతో పొరబడేవాళ్ళు చెవులు చూడాలి. రేచుకుక్క చెవి గుండ్రం, లోపల తెల్ల బొచ్చు. మూతి పొట్టి, పక్క నుంచి చూస్తే ముక్కు గీత కొంచెం పైకి ఉబ్బినట్టు ఉంటుంది. నక్క మూతి సన్నం, చెవి మొన తేలి ఉంటుంది. ఆర్కిటిక్ గుంటనక్క చెవులు చిన్నవి, గుండ్రనివి. అది తెల్లగా లేని వేసవిలోనూ ఈ చెవులతో పట్టుకోవచ్చు.

గజ్జి పట్టిన జంతువు దగ్గర ఈ గుర్తులన్నీ ఓడిపోతాయి. బొచ్చు రాలిన గుంటనక్క తోక ఎలుక తోకలా, చెవులు విపరీతంగా పెద్దవిగా కనిపిస్తాయి. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట తరచూ పుట్టుకొచ్చే "వింత జంతువు" వార్తల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇదే. అప్పుడు కాళ్ళ పొడవుకూ ఒంటి పొడవుకూ ఉన్న నిష్పత్తిని, పాదాలను మాత్రమే నమ్మండి. పిల్లల విషయంలోనూ అంతే. తోడేలు, నక్క, రేచుకుక్క పిల్లలు మొదటి వారాల్లో ముదురు గోధుమ రంగులో, మొద్దు మూతులతో ఉంటాయి. వాటి జాతి తేల్చడానికి తల్లి కనిపించేదాకా ఆగాలి. బొరియ దగ్గరికి వెళ్ళకండి. మనిషి వాసన తగిలితే తల్లి పిల్లలను వేరే చోటికి మార్చేస్తుంది.

6. అడుగుజాడ

ముందు పిల్లి జాతిదో శునకానిదో తేల్చండి. పిల్లి మెత్తకు వెనక అంచున మూడు వంపులు, ముందు అంచు చదునుగా లేదా రెండు వంపులుగా ఉంటుంది. శునకం మెత్త ముందు ఒకే మొనగా ఉంటుంది. వేళ్ళకూ మెత్తకూ మధ్య ఖాళీలో ఇంటూ గుర్తు గీయగలిగితే అది శునకం. గోళ్ళు లేవని మాత్రమే పిల్లి అనకండి, గట్టి నేల మీద కుక్క గోళ్ళు కూడా పడవు.

కొలిచేటప్పుడు ముద్ర అడుగున పాదం ఆనిన చదును మేర మాత్రమే కొలవండి. చుట్టూ జారిన వాలు అంచును కలిపితే బురదలో నక్క తోడేలైపోతుంది. గోళ్ళతో ఒక కొలత, గోళ్ళు లేకుండా ఒక కొలత రాయండి. ముందు పాదం పెద్దది, వెనక పాదం చిన్నది కాబట్టి ఒక్కోదానికి కనీసం ఐదు ముద్రలు విడివిడిగా కొలిచి మధ్య విలువ తీసుకోండి. ఫొటో నిట్టనిలువుగా పైనుంచి తీయాలి. స్కేలు ముద్ర పక్కన, ముద్ర లోతుకు సమానమైన మట్టంలో ఉండాలి. పొద్దున, సాయంత్రం ఏటవాలు వెలుగులో అంచులు తేలతాయి. మధ్యాహ్నమైతే ముద్ర మీద నీడ పట్టి ఒక పక్క నుంచి టార్చి వేయండి.

బంగారు నక్క ముద్రలో నడిమి రెండు వేళ్ళ మెత్తలు వెనక వైపు కలిసి ఉంటాయి. ఇది చాలా విలువైన గుర్తు, కానీ మెత్తటి, సన్నటి మట్టిలోనే కనిపిస్తుంది. ఎర్ర గుంటనక్క పాదం బొచ్చుతో నిండి ఉంటుంది కాబట్టి మెత్తలు మసకగా పడతాయి. ముందు పాదపు పెద్ద మెత్త మీద అడ్డంగా ఒక గట్టి పట్టీ ముద్ర పడితే అది ఎర్ర గుంటనక్కే.

7. కూత, మంద, మలం

ఇవి తోడు సాక్ష్యాలు. వీటి మీద మాత్రమే ఆధారపడి జాతి పేరు రాయకూడదు. రేచుకుక్కలు ఈలల్లాంటి శబ్దంతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. తోడేలులా దీర్ఘంగా ఊళపెట్టడం వాటి పద్ధతి కాదు. అవి దారులు కలిసే చోట మందగా ఒకేచోట మలవిసర్జన చేస్తాయి. కొత్తవీ పాతవీ కలిసి కుప్పగా కనిపిస్తే రేచుకుక్కలని అనుమానించవచ్చు. మేన్డ్ వుల్ఫ్ నడకలో ఒకే పక్కనున్న రెండు కాళ్ళూ కలిసి కదులుతాయి. చిన్న వీడియో దొరికినా ఇది పట్టుబడుతుంది.

మలాన్ని చేత్తో ముట్టుకోకండి. శునకాల మలంలో ఎకినోకాకస్ అనే బద్దెపురుగు గుడ్లు ఉండవచ్చు. అవి మనిషి కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. చేతి తొడుగులు, మాస్కు వేసుకోండి. పొడి మలాన్ని విరవకండి. మామూలు ఫ్రీజర్ మైనస్ 20 డిగ్రీల చలి ఈ గుడ్లను చంపదు. మైనస్ 80 దగ్గర వారం ఉంచిన తర్వాతే ప్రయోగశాలలో విప్పుతారు. జబ్బుగా ఉన్న, చనిపోయిన జంతువుల దగ్గర రేబిస్ భయం కూడా ఉంది. లాలాజలం తగలనివ్వకండి.

8. పుర్రె దొరికితే

ఇక్కడ సందేహాలు చాలావరకు తీరిపోతాయి. చాలా దేశాల్లో అడవి జంతువు పుర్రెను ఉంచుకోవడానికి అనుమతి కావాలి. అది లేకపోతే ఉన్నచోటే కొలిచి, ఫొటోలు తీసి వదిలేయండి.

పళ్ళు లెక్కపెట్టేటప్పుడు పన్ను ఉన్న చోటునే కాదు, ఊడిన గుంటనూ లెక్కించాలి. ఎక్కువ జాతుల్లో ఒక పక్క పైన మూడు కుంతకాలు, ఒక రదనిక, నాలుగు అగ్రచర్వణకాలు, రెండు చర్వణకాలు ఉంటాయి. కింద చర్వణకాలు మూడు. మొత్తం 42. రేచుకుక్కకు కింద కూడా రెండే చర్వణకాలు, మొత్తం 40. బుష్ డాగ్‌కు పైన ఒకటి, కింద రెండు, మొత్తం 38. గబ్బిలపు చెవుల గుంటనక్కకు 46 నుంచి 50 దాకా ఉంటాయి. పురుగులు తినే జంతువు కాబట్టి చిన్నచిన్న నమిలే పళ్ళు ఎక్కువ.

కింది దవడలో మాంసం కోసే పెద్ద పన్నును పట్టుకోండి. అదే మొదటి చర్వణకం. దాని వెనక ఒక్క పన్నే ఉంటే రేచుకుక్క లేదా బుష్ డాగ్, రెండుంటే మిగతావి. మోసం జరిగేది కూడా ఇక్కడే. తోడేలులో, నక్కలో ఆ చివరి పన్ను చాలా చిన్నది, సులువుగా ఊడిపోతుంది. ముసలి జంతువులో దాని గుంట ఎముకతో పూడిపోతుంది. భూతద్దంతో గరుకు ఎముక మరక ఉందేమో వెతకండి. రెండు వైపులా చూడండి. ఇంకో పొరపాటు పాలపళ్ళతో వస్తుంది. కూనకు 28 పళ్ళే ఉంటాయి. పుర్రె అడుగున, వెన్నుపూస కీలు ముందున్న అతుకు పూర్తిగా మూసుకోకపోతే అది పిల్ల జంతువు. దాని మీద జాతి పరీక్షలు పెట్టకండి.

కంటి గుంట వెనకనున్న చిన్న ఎముక మొనను వేలితో తడమండి. పైభాగం గుంటపడితే గుంటనక్కల వైపు, ఉబ్బెత్తుగా ఉంటే తోడేలు ఉండే కానిస్ ప్రజాతి (జీనస్) వైపు. గ్రే ఫాక్స్ పుర్రె మీద రెండు గట్లు వీణ ఆకారంలో విడిపోయి వెనక్కి సాగుతాయి. కింది దవడ చివర ఒక మెట్టు ఉంటుంది. కంటి గుంట పై, కింది అంచులను కలిపే గీతకూ పుర్రె పైభాగపు గీతకూ మధ్య కోణం తోడేలుకు 40–45 డిగ్రీలు, ఇంటి కుక్కకు 53–60. కొలత తీసేవాళ్ళను బట్టి రెండు మూడు డిగ్రీలు తేడా వస్తుంది కాబట్టి మధ్యలో పడిన కోణం దేన్నీ రుజువు చేయదు.

9. ఏ కొమ్మలో పెట్టాలి

జాతి తేలాక దాని చోటు చూడాలి. బతికి ఉన్న శునకాలన్నీ కానినే అనే ఒకే ఉపకుటుంబంలోవి. అందులో నాలుగు పాయలు. గ్రే ఫాక్స్‌ల యూరోసియోన్ అన్నిటికంటే ముందే విడిపోయింది. వల్పెస్ గుంటనక్కలు, రకూన్ కుక్క, గబ్బిలపు చెవుల గుంటనక్క రెండో పాయ. మేన్డ్ వుల్ఫ్, బుష్ డాగ్, లైకలోపెక్స్ జాతులు, పీతలు తినే గుంటనక్క సెర్డోసియోన్ కలిసి దక్షిణ అమెరికా పాయ. తోడేళ్ళు, కొయోట్, నక్కలు, రేచుకుక్క, ఆఫ్రికా అడవి కుక్క నాలుగో పాయ.

గ్రే ఫాక్స్ పేరులో ఫాక్స్ ఉన్నంత మాత్రాన ఎర్ర గుంటనక్కకు దగ్గరి చుట్టం కాదు. లైకలోపెక్స్‌లు చూడ్డానికి గుంటనక్కలే, కానీ వాటికి ఎర్ర గుంటనక్క కంటే తోడేలే దగ్గర. పళ్ళూ ఇలాంటి ఉచ్చు వేస్తాయి. రేచుకుక్క, ఆఫ్రికా అడవి కుక్క, బుష్ డాగ్ మూడింటికీ కింది కోత పన్ను వెనక భాగం గిన్నెలా కాక ఒకే పదునైన మొనగా ఉంటుంది. ఆ పోలికను నమ్మి ఒకప్పుడు మూడింటినీ ఒకే ఉపకుటుంబంలో పెట్టారు. అది మాంసమే ఎక్కువగా తినడం వల్ల విడివిడిగా వచ్చిన మార్పని, బుష్ డాగ్ దక్షిణ అమెరికా పాయదని జన్యువులు చూపించాయి.

పేర్లు ఇప్పటికీ కదులుతున్నాయి. పక్కచారల నక్కను, నల్లవీపు నక్కను లుపులెల్లా ప్రజాతిలోకి మార్చాలని 2019లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) శునక నిపుణుల బృందం సూచించింది. అదే బృందం ఆస్ట్రేలియాలోని డింగోను ఇంటి కుక్కగానే లెక్కించింది, ఒప్పుకోని శాస్త్రజ్ఞులూ ఉన్నారు. అమెరికాలోని ఎర్ర తోడేలు చెల్లుబాటయ్యే జాతేనని అదే ఏడాది అమెరికా జాతీయ అకాడమీల నివేదిక తేల్చింది. అందుకే మీ నోట్సులో పేరు పక్కన ఏ వర్గీకరణను అనుసరించారో, ఏ సంవత్సరానిదో రాయండి. పదేళ్ళ తర్వాత చూసేవాళ్ళకు అది లేకపోతే మీ రికార్డు పనికిరాదు.

10. జన్యు నమూనా, నమోదు

తోడేలు, కొయోట్, బంగారు నక్క, ఇంటి కుక్క అన్నిటికీ 78 క్రోమోజోములే. అవి కలిసి పిల్లలను కంటాయి, ఆ పిల్లలూ కంటాయి. ఎర్ర గుంటనక్కకు ప్రధానమైనవి 34 మాత్రమే. కాబట్టి తోడేలు, కుక్క సంకరమనే అనుమానం వస్తే కంటి చూపుతో తేల్చే ప్రయత్నం మానేసి నమూనా తీయండి. తాజా మలం పైపొరను శుభ్రమైన పుల్లతో గీకి, ఒక వంతుకు కనీసం నాలుగు వంతుల 95 శాతం ఇథనాల్‌లో వేయండి. వెంట్రుకలైతే కుదురుతో ఊడినవి పది పైన కావాలి, పొడి కాగితపు కవరులో పెట్టండి. ఫార్మలిన్ వాడకండి, డీఎన్‌ఏ పాడవుతుంది. ప్రయోగశాలకు పంపేటప్పుడు మైటోకాండ్రియా పరీక్ష ఒక్కటే చాలదని చెప్పండి. అది తల్లి వైపు వంశాన్నే చూపిస్తుంది. తండ్రి కుక్క, తల్లి తోడేలు అయితే ఫలితం 'తోడేలు' అనే వస్తుంది. తల్లిదండ్రులిద్దరి వంశాన్నీ చూపే కేంద్రక డీఎన్‌ఏ పరీక్ష కూడా అడగండి.

ప్రతి నమోదులో తేదీ, సమయం, జీపీఎస్ స్థానం, కొలతలు, చూసిన దూరం రాసి, గుర్తింపును మూడు స్థాయిల్లో ఒకటిగా పెట్టండి. పుర్రె, జన్యు ఫలితం లేదా అన్ని గుర్తులూ పడిన ఫొటో ఉంటే 'ఖాయం'. రెండు మూడు గుర్తులు కలిస్తే 'బహుశా'. లేకపోతే ప్రజాతి దగ్గర, లేదా కుటుంబం దగ్గరే ఆపేసి 'గుర్తు తెలియని శునకం' అని రాయండి. తర్వాత మరో ఫొటో దొరికితే పాత వాక్యాన్ని చెరపకుండా కింద కొత్త తేదీతో సవరణ చేర్చండి.